చలి పెట్టిన ఉలి

నేను నిజామాబాదు నుంచి చొప్పదండికి ప్రయాణం కట్టింది ఒక తొట్టెల కోసం. మా మేనకోడలికి ఆడపిల్ల పుట్టింది. ఇరవైయొకటో రోజున పిల్లను తొట్టెలలో వేయాలి. మేనమామను గనక ఆ ఖర్చు నాది. బజారులో ఇనుప గొట్టాల ఉయ్యాలలు ఎన్ని కావాలంటే అన్ని వున్నాయి, ఒకటి కొని బస్సు మీద వేయించుకుని పోదామనుకున్నాను. మా చెల్లెలు ఫోనులోనే అడ్డం తిరిగింది.

"అన్నా! దాన్ని వేసిన తొట్టెల మా వడ్ల తాత చేసిండు. దాని బిడ్డకు కూడా ఆయనే చెయ్యాలె. ఆయన ఇప్పుడు పని ఒప్పుకుంటలేడు. నువ్వు వచ్చి అడుగు, నీ మాట వింటడు" అంది.

ముప్ఫయ్యేళ్ళు బడిలో సైన్సు చెప్పినవాణ్ణి. నా మాట పిల్లలే వినలేదు, వడ్ల తాత వింటాడా అనుకుంటూనే బయలుదేరాను.

నిజామాబాదు నుంచి కరీంనగరు పోయే బస్సు ఆర్మూరు, కమ్మర్‌పల్లి, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల దాటి పోతుంది. పుష్యమాసపు పొద్దు. చేలమీద మంచు ఇంకా విడలేదు. కిటికీ అద్దం మూతపడక నా చెవి ఒకటి గడ్డకట్టింది. కమ్మర్‌పల్లి వచ్చినప్పుడు మటుకు చెవి సంగతి మరచిపోయి ఎడమా కుడీ చూశాను. ఆ దగ్గరలోనే లోపలికి కోనసముద్రం అనే వూరుంది. దాని కథ తరువాత చెబుతాను, ఈ తొట్టెలతో దానికి సంబంధం వుంది.

కరీంనగరులో బస్సు మారి ధర్మారం దారిన పోతే కాసేపటికే చొప్పదండి. చొప్ప అంటే జొన్న దంటు, పశువుల మేత. పేరులోనే మేత వున్న వూరు. ఇప్పుడు అది పల్లె కాదు. మండల కేంద్రం, 2018 నుంచి మునిసిపాలిటీ కూడాను. జిల్లా నవోదయ విద్యాలయం ఇక్కడే వుంది. రోడ్డు పొడుగునా సెల్‌ఫోను దుకాణాలు, ఎరువుల కొట్లు, చికెను సెంటర్లు. అయినా రెండు సందులు లోపలికి తిరిగితే పేడ వాసన, వరిగడ్డి వాములు, బర్రెల అరుపులు. పాత చొప్పదండి అక్కడే దాక్కుని వుంది.

వడ్ల పెద్దాయన కొట్టం ఆ సందు చివర. డెబ్బయి దాటిన మనిషి. ముక్కుమీద దారంతో కట్టిన కళ్ళద్దాలు. కొట్టంలో లేతు మిషను వుంది. పుస్తకాలలో దాన్ని తరిణె అంటారు గాని అక్కడ అలా అంటే ఎవరికీ అర్థం కాదు. ఆయన చిన్నప్పుడు ఒకరు తాడు లాగుతుంటే ఒకరు చెక్కేవారట. ఇప్పుడు మోటారు తిప్పుతుంది. గోడకు ఉలులు, బాడిశ, చిత్రిక, బరమా వరసగా తగిలించి వున్నాయి. వాటిమీద మటుకు దుమ్ము పేరుకుంది.

"తొట్టెలనా? నాతోని కాదు సారూ!" అన్నాడు ఆయన. "నాలుగు కోళ్ళు, రెండు దిక్కుల పన్నెండేసి సువ్వలు. టేకు కర్ర ఉలిని తింటది. రెండు సువ్వలు తీసేసరికి మొద్దువడ్తది. మల్ల రాయి మీద నూరాలె. నా బుజం పోయింది, కండ్లు పోయినయి. నూరుడుకే పొద్దు గడుస్తది, చెక్కేదెప్పుడు?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు. టేకులో సిలికా అనే పదార్థం వుంటుంది. ఇసుకలో వుండేది అదే. చూడడానికి నున్నని కర్రే గాని ఉలి అంచుకు అది సానరాయిని మించిన శత్రువు.

నేను వెనక్కి తిరగబోతుంటే, మూల అటక మీద ఒక సన్నని అట్టపెట్టె కనిపించింది. మూత తీయనే లేదు. "అదేమిటన్నా?" అని అడిగాను.

పెద్దాయన మొహం ముడుచుకుంది. "మా పోరడు పంపిండు, దుబాయి నుంచి. ఆరు నెలలాయె" అన్నాడు.

మా బావ నన్ను బయటికి తీసుకుపోయి అసలు సంగతి చెప్పాడు. కొడుకు ఒక్కడే. తండ్రి దగ్గర పని నేర్చుకుని, అయిదేళ్ళ కిందట దుబాయి పోయాడు. ఈ జిల్లాలో ఇల్లు వదలి గల్ఫుకు పోనివాళ్ళ ఇళ్ళు లెక్కపెట్టడమే సులువు. పోయేనాడు తండ్రి, "నా ఉలి పట్టనోడు నా కొడుకే కాదు" అన్నాడట. కొడుకు అక్కడ కూడా కర్రపనే చేస్తున్నాడు. నెలనెలా డబ్బు తల్లి పేర వస్తుంది. తండ్రీ కొడుకులకు మాటలు లేవు. మాటలకు బదులు ఆ పెట్టె వచ్చింది. పెద్దాయన దాన్ని విప్పలేదు.

మరునాడు మళ్ళీ వెళ్ళాను. పెద్దాయన భార్య నాకు చాయ్ ఇచ్చి, ఏమనుకుందో, పెట్టె దింపి నా చేతిలోనే పెట్టింది. పెద్దాయన కాదనలేదు, అవుననలేదు. విప్పితే లోపల ఒక ఉలి. నిలువునా చీల్చిన వెదురు గొట్టంలా గాడి వున్న ఉలి, మూరకు దగ్గరగా పొడవు. కాగితం మీద అచ్చులో, ఇది హైస్పీడు ఉక్కు అనీ, దీన్ని గడ్డకట్టే చలికన్నా ఎంతో కిందికి చల్లార్చారనీ వుంది. చదివి చెప్పాను.

పెద్దాయన మొదటిసారి నవ్వాడు. "ఉక్కును నిప్పుల పెడ్తరు గని సలిల పెడ్తరా సారూ? గిదేం ఇచ్చంత్రం? పోరణ్ణి ఎవడో మోసం జేసిండు."

నాలోని పంతులు లేచి కూర్చున్నాడు. ఎంత చలి అన్నది చూపించాలంటే చొప్పదండిలో ఏముంది? వుంది! ఆ ఉదయమే మా బావ పెరట్లో చూశాను. బర్రె ఎదకు వచ్చిందని గోపాలమిత్ర వచ్చాడు. మోటారుసైకిలు వెనక సన్నమెడ అల్యూమినియం డబ్బా. అందులో వున్నది ద్రవ నత్రజని, అంటే మనం పీల్చే గాలిలో అయిదింట నాలుగువంతులయిన నత్రజనే, నీరులా మారేదాకా చల్లార్చినది. సున్నకు దిగువన 196 డిగ్రీలు! మేలుజాతి ఎద్దుల వీర్యాన్ని సన్నని గొట్టాలలో నింపి ఆ చలిలో ఏళ్ళ తరబడి దాస్తారు. అలా దాచే కేంద్రం కరీంనగరులోనే వుంది. ఉలికి పెట్టిన చలి, బర్రెకు దూడనిచ్చే చలి ఒక్కటే!

ఈ మాట చెప్పగానే పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. తన పాత ఉలి గోడమీదనుంచి తీశాడు. లారీ కమాను పట్టాతో ఆ వూరి కమ్మరి చేసి ఇచ్చినది. ఆ కమ్మరి ఇప్పుడు లేడు, కొలిమీ లేదు. "అయితే సారూ, దీన్ని గా డబ్బాల ఓ పూట ముంచిస్తే? పోరని ఉలి ఎందుకు మనకు?"

ఇద్దరం గోపాలమిత్ర దగ్గరికి పోయాం. అతడు డబ్బా మూత కొంచెం ఎత్తి చూపించాడు. తెల్లని పొగ మూతి దాటి కిందికి జారింది. అంతే, మళ్ళీ మూసేశాడు. "తాతా! ఇందులో వూరందరి దూడలున్నయి. నీ ఉలి వేస్తే సలసలా మరిగి ఇదంతా ఆవిరయిపోతది. ఉలి కూడా పగుల్తదేమో" అన్నాడు. చిన్నవాడయినా సరిగ్గానే చెప్పాడు. గదివేడిలో వున్న ఇనుమును తగిలితే ఆ ద్రవం మరిగే మరుగు పాలపొంగును మించుతుంది. అందుకే కార్ఖానాలలో ఉక్కును అందులో గభాలున పడవేయరు. గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చి, ఒక దినమంతా ఆ చలిలో వుంచి, మళ్ళీ అంతే నెమ్మదిగా పైకి తెస్తారు. ఆ తరువాత మళ్ళీ కాస్తారు, లేకపోతే అంచు పెళుసుబారుతుంది.

వచ్చే దారిలో పెద్దాయన, "సలి ఏం జేస్తది మరి లోపల?" అని అడిగాడు. అడిగినందుకు నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. బడి వదిలాక నన్నెవరూ ఏమీ అడగలేదు.

"పాలు తోడు పెట్టినట్టు అన్నా" అన్నాను. కమ్మరి ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్ళలోనో నూనెలోనో ముంచుతాడు. కాకమీద వున్నప్పుడు లోపలి అమరిక ఒక తీరు, అది మెత్తన. ఒక్కసారిగా చల్లారితే అమరిక మారిపోతుంది, గట్టిపడుతుంది. శాస్త్రజ్ఞులు మొదటిదాన్ని ఆస్టెనైటు అనీ, రెండోదాన్ని మార్టెన్‌సైటు అనీ అంటారు. రాబర్ట్స్-ఆస్టెన్ అనే ఆంగ్లేయుడి పేరా, మార్టెన్స్ అనే జర్మను పేరా వచ్చిన మాటలవి. పాలు పెరుగయినట్టే అనుకోండి. మామూలు ఉక్కులో, నీళ్ళలో ముంచేసరికే దాదాపు అంతా తోడుకుంటుంది. కాని టంగ్‌స్టను, మాలిబ్డినం, క్రోమియం, వనేడియం కలిసిన హైస్పీడు ఉక్కులో కొంత భాగం తోడుకోకుండా పాలగానే మిగిలిపోతుంది. ఇంకా చల్లార్చితే ఆ మిగిలిందీ తోడుకుంటుంది. నిప్పు వదిలేసిన పనిని చలి పూర్తి చేస్తుందన్నమాట. అదీగాక, ఆ తరువాత కాచినప్పుడు కంటికి కనబడనంత సన్నని గట్టి రేణువులు ఉక్కు నిండా పుట్టి అంచు అరగకుండా కాస్తాయని కూడా పరిశీలించినవారు చెబుతారు.

"అయితే నా కమాను ఉలి?" అన్నాడు.

"అది అప్పుడే తోడుకున్న పెరుగు. దానికి ఈ చలితో పెద్దగా పనిలేదు."

ఆయన కాసేపు మాట్లాడకుండా నడిచాడు. ఆ మౌనం ఉలిని గురించి కాదని నాకు తెలుసు. సాయంత్రం మా చెల్లెలి వాకిట్లో నెగడు దగ్గర కూర్చున్నప్పుడు కోనసముద్రం కథ ఎత్తాను.

మన ఉక్కు అన్న మాటే ప్రపంచం చుట్టి వూట్జు అయిందంటారు పండితులు. తెలుగూ కన్నడమూ ఆ మాటను పంచుకుంటాయి. కోనసముద్రంలో ఒకప్పుడు మూసలలో ఆ ఉక్కు పోసేవారు. హెన్రీ వాయిసీ అనే డాక్టరు, దేశాన్ని కొలిచే సర్వేతో వచ్చినవాడు, ఆ పని కళ్ళారా చూసి రాశాడు. ఆయన 1824లో చనిపోయాక, 1832లో ఆ రాత అచ్చయింది. రెండు చోట్ల ఇనుము తెచ్చి కలిపేవారట, అందులో ఒకటి మన మెట్‌పల్లిది. మనుషులు వంతులు మార్చుకుంటూ ఒక పగలూ ఒక రాత్రీ తిత్తులు ఊదేవారు. ఇస్ఫహాను నుంచి వచ్చిన ఒక పారశీక వర్తకుడు అక్కడే మకాం వేసి, పాళ్ళు తానే తూచి, ఉక్కును పరీక్షించి కొనుక్కునేవాడు. తమ దేశంలో ఇలాంటిది చేయాలని చూశారట గాని చేతకాలేదు. డమాస్కసు కత్తులని పేరుపడ్డ కత్తులకు ఉక్కు ఇటువంటి ముద్దల నుంచే పోయేది. 2010లో పరిశోధకులు కరీంనగరు, ఆదిలాబాదు, నిజామాబాదు, వరంగల్లు జిల్లాలలో వూరూరా తిరిగి పాత కొలుముల గుర్తులు వెతికితే, ఎక్కడపడితే అక్కడ ఇనుప చిట్టెం దొరికింది.

"మా పొలంల సుత దొరుకుతది" అన్నాడు పెద్దాయన. "నల్లటి రాళ్ళు, బరువుంటయి. చిన్నప్పుడు మేం వాటితోని కాయలు కొట్టేటోళ్ళం."

"ఇప్పుడు అసలు సంగతి విను అన్నా! లండను దగ్గర ఒక కమ్మరి వుండేవాడు. అతని కొడుకు సుత్తె పట్టలేదు. పుస్తకాలు కుట్టే దుకాణంలో పనికి కుదిరాడు."

"తండ్రి ఏమన్నడు?"

"ఏమన్నాడో నాకు తెలియదు. కొడుక్కు పందొమ్మిదేళ్ళు వుండగానే పోయాడు. ఆ కొడుకు పేరు మైకేల్ ఫారడే. ఈ మోటారు తిరుగుతున్నదంటే, ఈ బల్బు వెలుగుతున్నదంటే ఆయన చలవే. అంతటివాడు 1819లో ఏం చేశాడనుకున్నావు? మన దేశపు ఉక్కు ముద్ద తెప్పించుకుని, ఇందులో ఏం కలిసింది, దీనికింత పదును ఎక్కడిది అని పరీక్ష చేశాడు. సరిగ్గా తేల్చలేకపోయాడు. బంకమట్టిలోని లోహమేదో కలిసిందనుకున్నాడు. అసలు గుట్టు బొగ్గులోని కర్బనంలో వుంది. తేల్చకపోయినా, సుత్తె పట్టని ఆ కొడుకు తండ్రి లోహాన్ని మాత్రం వదల్లేదు చూడు! ఇంకో చిత్రం. నాలుగేళ్ళ తరువాత, 1823లో, క్లోరీను అనే వాయువును ద్రవంగా మార్చినవాడూ ఆయనే. ఆ దారినే పోయి పోయి 1883లో ఇద్దరు పోలెండు శాస్త్రజ్ఞులు నత్రజనిని కూడా ద్రవం చేశారు. నీ కొడుకు ఉలికి ఇటు ఉక్కూ, అటు చలీ రెండూ ఆ కమ్మరి కొడుకు చేతులు తాకి వచ్చినవే."

నెగడులో కట్టె ఒకటి చిటపటలాడింది. పెద్దాయన లేచి, దుప్పటి సర్దుకుని, "పొద్దుగాల రా సారూ, కర్ర తీస్కొని" అని వెళ్ళిపోయాడు.

మరునాడు మా బావ, నేను టేకు మొద్దులు మోసుకుపోయేసరికి లేతు మీద దుమ్ము లేదు. మొదట పాత ఉలితో మొదలుపెట్టాడు. కమాను ఉలి ఎంత చక్కగా కోస్తుందో! కర్ర మీదనుంచి పట్టుదారంలాంటి పొట్టు లేచింది. రెండు చువ్వలు కాగానే పొట్టు పొడిగా రాలడం మొదలయింది. మొద్దుబారింది. ఆయన భుజం పట్టుకుని సానరాయి దగ్గర కూర్చున్నాడు.

తరువాత కొడుకు ఉలి. మొదటి కోత చూసి పెద్దాయన పెదవి విరిచాడు. "నా దానంత నున్నగ లేదు." నిజమే. కమ్మరి ఉక్కు అంచు ఎక్కినంత సన్నగా హైస్పీడు ఉక్కు సుళువుగా ఎక్కదు. పైగా మన సానరాయి మీద అది లొంగదు, తిరిగే సానచక్రం కావాలి. ఆ చక్రం మీద కమాను ఉలి అంచు నీలంగా మారిందంటే దాని పదును పోయినట్టే. హైస్పీడు ఉక్కు 500 డిగ్రీల దాకా కాగినా తన గట్టితనం వదలదు. టేలరు, వైటు అనే ఇద్దరు అమెరికాలో దీన్ని సాధించి 1900లో పారిసు ప్రదర్శనలో చూపించినప్పుడు, ఎర్రగా కాగుతున్న ఉలి ఇనుమును కోస్తుంటే జనం విస్తుపోయారు.

రెండు చువ్వలు, మూడు, నాలుగు. పెద్దాయన ఏమీ అనడం లేదు. అయిదు, ఆరు. పొట్టు ఇంకా దారంలాగే వస్తున్నది. ఎనిమిదో చువ్వ తీసి బొటనవేలితో అంచు తడిమి చూసుకుని, "ఇంకా ఉన్నది" అన్నాడు.

"చలి గొప్పతనం!" అన్నాడు మా బావ చప్పట్లు కొట్టి.

అక్కడ నా సైన్సు నోరు వూరుకోలేదు. "తొందరపడకు బావా! ఈ ఎనిమిది చువ్వలు చలివల్ల వచ్చాయో, ఉక్కులో కలిసిన టంగ్‌స్టను వల్ల వచ్చాయో ఎలా చెబుతావు? రెండు వేరువేరు ఉక్కులను పోల్చాం మనం. ఒకే ఉక్కుతో చేసిన ఉలులు రెండు కావాలి. ఒకటి చలి పెట్టినది, ఒకటి పెట్టనిది. అప్పుడే తేలుతుంది. ఈ ఉక్కును రెండు మూడుసార్లు కాస్తేనే మిగిలిన పాలు చాలావరకు తోడుకుంటాయి, చలివల్ల అదనంగా వచ్చేది కొంచెమే అనేవాళ్ళూ వున్నారు. ఎంతో మేలు జరిగిందనేవాళ్ళూ వున్నారు."

మా బావ నా వైపు చూసిన చూపు మా హెడ్మాస్టరుగారిని జ్ఞాపకం చేసింది. పెద్దాయన మటుకు మోటారు ఆపి, చేతులు తుడుచుకుని, భార్యను పిలిచాడు. "పోరనికి ఫోను గలుపు" అన్నాడు.

ఆమె చేయి వణికింది. రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి తెరమీద నెత్తిన టోపీ, కళ్ళలో రంపపు పొట్టు వున్న ఒక కుర్రవాడు కనిపించాడు. వెనక యంత్రాల హోరు. తండ్రి మొహం చూసి అతనికి మాట రాలేదు.

అయిదేళ్ళ తరువాత ఏం మాట్లాడుకుంటారో అని మేమందరం ఊపిరి బిగబట్టాం. పెద్దాయన ఉలిని ఫోను ముందు పెట్టి, "ఎనిమిది సువ్వలు తీసింది. మెడకాడ జర బరువెక్కువున్నది" అన్నాడు.

"సాన చక్రం మీద పట్టినవా బాపూ? రాయి మీద కాదు."

"నాకు జెప్తవా?" అన్నాడు పెద్దాయన. అని, గొంతు తగ్గించి, "సారు ఇంకో ఉలి కావాలంటున్నడు. గదే ఉక్కుది, సలి పెట్టంది. రెండు కలిపి సూడాల్నట."

"పంపిస్త బాపూ. వచ్చే నెలల..."

"పంపుడెందుకు? నువ్వే పట్కరా."

అవతల యంత్రాల హోరు తప్ప మరేమీ వినిపించలేదు. ఆ తరువాత కుర్రవాడు టోపీ తీసి మొహం తుడుచుకోవడం కనిపించింది. నేను కొట్టం బయటికి వచ్చేశాను. చలిగాలి కొడుతున్నదని మా బావతో అన్నాను గాని, అప్పటికే ఎండ బాగా ఎక్కింది.

నాలుగో రోజున తొట్టెల తయారయింది. ఇరవైనాలుగు చువ్వలలో ఏవి ఏ ఉలితో తీసినవో నేనయితే గుర్తుపట్టలేను. పెద్దాయన మాత్రం వేలితో తాకి చెప్పేస్తాడు. పిల్లను అందులో వేసి పాట అందుకున్నప్పుడు, ఆయన గడప దగ్గర నిలబడి, తొట్టెల కిర్రుమంటుందేమోనని చెవి ఒగ్గి విన్నాడు. కిర్రుమనలేదు.

తిరుగు ప్రయాణంలో కమ్మర్‌పల్లి దగ్గర బస్సు ఆగినప్పుడు నా జేబులో చేయి పెట్టి చూసుకున్నాను. పెద్దాయన పొలంలో ఏరి ఇచ్చిన ఇనుప చిట్టెం ముక్క అందులో వుంది. నల్లగా, బరువుగా. రెండో ఉలి వచ్చాక పరీక్ష ఫలితం పాఠకులకు తప్పకుండా తెలియజేస్తాను.